స్టాండప్ కమెడియన్ గొంతు: విజయవాడ నుంచి ఒక కేస్ స్టడీ

స్పీచ్ థెరపిస్ట్ అంటే మాటలు రాని పిల్లలకు మాటలు నేర్పే మనిషని మా ఊళ్లో చాలామంది నమ్మకం. సూర్యారావుపేటలో మా గది ముందు బల్ల మీద కూర్చునేవాళ్లలో ఎక్కువమంది చంటిపిల్లల తల్లులే కాబట్టి ఆ నమ్మకాన్ని తప్పుపట్టలేను. కానీ గొంతే జీవనాధారమైనవాళ్లు కూడా వస్తారు: టీచర్లు, పురోహితులు, పాస్టర్లు, ఎన్నికల ప్రచారంలో తిరిగి వచ్చినవాళ్లు. ఈసారి వచ్చింది ఒక స్టాండప్ కమెడియన్. అతని అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

కమెడియన్‌కు గొంతు పోయిందంటే అందరూ స్టేజీనే తిడతారు. అతనూ అదే అనుకున్నాడు, ఇంట్లోవాళ్లూ అదే అనుకున్నారు. తీరా లెక్క తీస్తే, రోజు మొత్తం మీద ఆ గొంతు పడే కష్టంలో స్టేజీ వాటా అన్నిటికన్నా తక్కువని తేలింది. కేసు రాయాలనిపించింది అందుకే.

పగలు ఫిజిక్స్, రాత్రి హాస్యం

వయసు 31. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. విజయవాడలో ఆ ఉద్యోగం ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. పొద్దున్నే మొదటి క్లాసు, సెక్షనుకు డెబ్బై ఎనభై మంది, నెత్తిమీద గడగడలాడే ఫ్యాన్లు, సన్నటి గోడ అవతల కెమిస్ట్రీ లెక్చరర్ గొంతు. సాయంత్రం కాలేజీ వదిలాక మొగల్రాజపురంలోనో బెంజ్ సర్కిల్ దగ్గరో ఏదో ఒక కేఫ్ మేడ మీద ఓపెన్ మైక్.

ఈ వృత్తి ఎలా సాగుతుందో బయటివాళ్లకు పెద్దగా తెలియదు. ఓపెన్ మైక్‌లో ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు ఇస్తారు. ఇంకో నిమిషం ఉందనగా నిర్వాహకుడు వెనకనుంచి ఫోను లైటు చూపిస్తాడు. డబ్బేమీ ఉండదు, పైగా కాఫీ కొనాల్సి వస్తుంది. అక్కడ పేలిన జోకులు ఏరుకుని, పేలనివి పారేసి, నెలల తరబడి అతికిస్తే ఇరవై నిమిషాల సెట్ తయారవుతుంది. దాన్ని పట్టుకుని హైదరాబాద్ వెళ్లాలి. పేరు వచ్చేది అక్కడే. 275 కిలోమీటర్లు, రాత్రి బస్సు, తెల్లవారేసరికి మళ్లీ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్, అక్కణ్నుంచి ఇంటికి వెళ్లి స్నానం చేసి నేరుగా క్లాసుకు. పేరు స్టాండప్‌తో వస్తే, డబ్బు మాత్రం కంపెనీల వార్షికోత్సవాల్లో, కాలేజీ ఫెస్టుల్లో, అన్నిటికన్నా ఎక్కువగా పెళ్లివారి సంగీత్‌లలో వస్తుంది. అదైనా టీడీఎస్ కోసుకుని, పదిసార్లు ఫోను చేయించుకుని, నెలలు గడిచాక చేతికొస్తుంది. ఆ ఫోన్ల సంగతి మళ్లీ చెబుతాను.

అతని జబ్బు సగం పంచాంగంలోనే ఉంది. మాఘంలో ముహూర్తాలు మొదలవుతాయి. కాలేజీ ఫెస్టులూ దాదాపు అప్పుడే. ఇంటర్ పబ్లిక్ పరీక్షల ముందు రివిజన్ క్లాసులూ అప్పుడే. మూడు పంటలూ ఒకేసారి కోతకు వస్తే రైతుకు ఎంత ఇబ్బందో, జనవరి చివరి నుంచి మార్చి దాకా ఇతనికి అంత ఇబ్బంది.

ఆ మాఘంలోనే, గన్నవరం వైపు ఒక కల్యాణ మండపంలో సంగీత్. ఆడపెళ్లివారికీ మగపెళ్లివారికీ పోటీ పెట్టాడు. డీజే పాట ఆపలేదు. ఆ హోరు మీదుగా ఒక్క కేక వేశాడు. లోపల ఏదో తెగినట్టయిందట. నొప్పి లేదు. ఆ తర్వాత వచ్చిన గొంతు తనది కాదన్నాడు. కార్యక్రమం మాత్రం పూర్తిచేశాడు, మరుసటి వారం ఇంకో రెండు కూడా చేశాడు. పటికబెల్లం, మిరియాలు, మెంథాల్ బిళ్లలు, బస్సు ప్రయాణాల తలనొప్పికి ఆస్పిరిన్. నెల గడిచినా బొంగురు తగ్గకపోయేసరికి ఈఎన్‌టీ సర్జన్ దగ్గరకు వెళ్లాడు, ఆయన నా దగ్గరకు పంపారు.

ఇక్కడ చదివేవాళ్ల కోసం ఒక మాట. జలుబూ దగ్గూ లేకుండా బొంగురు నాలుగు వారాలు దాటితే, అది ఏ వృత్తిలోనివారైనా సరే, ముందు ఈఎన్‌టీ డాక్టరు స్వరపేటికలోకి చూడాలి. నా వ్యాయామాలన్నీ ఆ తర్వాతే. పొగతాగేవాళ్లయితే అంతకాలం కూడా ఆగకూడదు. ఇతనికి ఆ అలవాటు లేదు.

లోపల కనిపించింది

స్వరతంత్రుల కదలికను మెరిసే లైటుతో నెమ్మదిగా చూపించే స్ట్రోబోస్కోపీ పరీక్షలో, ఎడమ స్వరతంత్రి అంచున, సరిగ్గా మధ్యలో, ఎర్రటి చిన్న బొడిపె కనిపించింది. రక్తపు జీర ఉన్న పొలిప్. దానికి ఎదురుగా కుడి తంత్రి మీద, రోజూ ఆ బొడిపె వచ్చి తగులుతున్నచోట, కాస్త వాపు. టీచర్లలో, ముఖ్యంగా స్త్రీలలో, రెండు తంత్రుల మీదా ఎదురెదురుగా వచ్చే నాడ్యూల్స్ అనే చిన్న కాయలు ఎక్కువగా చూస్తుంటాం. మగవాళ్లలో పొలిప్ ఎక్కువ. చాలాసార్లు దాని వెనక ఇలాంటి ఒక కేకే ఉంటుంది.

కేక చివరి దెబ్బ మాత్రమే. మగవారి స్వరతంత్రులు మామూలు మాటలో సెకనుకు 100 నుంచి 130 సార్లు ఒకదానికొకటి తగులుకుంటాయి. మాట్లాడే సమయంలో సగం సేపే నాదం పుడుతుందనుకున్నా, ఆపకుండా గంట మాట్లాడితే తాకిళ్లు దాదాపు రెండు లక్షలు. గొంతు పెంచిన కొద్దీ ఆ తాకిడి బలం పెరుగుతుంది. అప్పటికే కందిపోయి ఉన్న చోట ఒక రక్తనాళం చిట్లడానికి ఒక్క కేక చాలు.

‘ఆ’ అని ఒక్క ఊపిరిలో ఎంతసేపు పట్టగలడో చూశాను. 9 సెకన్లు. ఆ వయసు మగవాళ్లు ఇరవై సెకన్ల దరిదాపుల్లో పడతారు. వాయిస్ హ్యాండిక్యాప్ ఇండెక్స్ అని పది ప్రశ్నల పట్టిక ఒకటుంది. మొత్తం 40 మార్కులు, 11 దాటితే గొంతు మనిషిని ఇబ్బంది పెడుతున్నట్టే. ఇతనికి 26. గొంతు ఎప్పుడెలా పలుకుతుందో తెలియడం లేదన్న ప్రశ్నకూ, దానివల్ల ఆదాయం పోతోందన్న ప్రశ్నకూ నాలుగుకు నాలుగు వేసుకున్నాడు.

మొదటిసారి అతనితో పాటు తండ్రి వచ్చారు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు, రిటైరైన మనిషి. అంతసేపూ మాట్లాడకుండా విని, చివరికి ఒకటే అడిగారు. “ఈ కామెడీ మానేస్తే తగ్గుతుందామ్మా?”

“కామెడీ మానేస్తే గొంతు వాడకం వారానికి గంట కూడా తగ్గదండీ. కాలేజీ మానేస్తే రోజుకు నాలుగైదు గంటలు తగ్గుతుంది” అన్నాను. ఆయన ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

భార్య రాసిన పద్దు

ఇలాంటి కేసుల్లో నేను మొదట అడిగేది గొంతు డైరీ. ఏ గంటలో ఎంతసేపు, ఎంత గట్టిగా మాట్లాడారో రాసుకురమ్మంటాను. అతను రాసుకొచ్చింది ఒక్క వాక్యం: క్లాసులు నాలుగు గంటలు, షో ఇరవై నిమిషాలు. జోకులు రాసే మనిషి ఇంత పొదుపుగా రాయడం నాకు కొత్త. అతని భార్య బ్యాంకు ఉద్యోగి. అది చూసి ఊరుకోలేక, తర్వాతి వారం తనే ఒక నోటు పుస్తకంలో పద్దు రాసి పంపింది.

అందులో ఒక రోజు ఇలా ఉంది. ఉదయం 6.10, స్నానాల గదిలో కొత్త జోకు, ఆడగొంతుతో, ఆరేడుసార్లు. 7.25, బండి మీద ఫోను, హెల్మెట్ లోపల ఇయర్‌ఫోన్, పాత షో డబ్బుల గురించి కేకలు. సాయంత్రం 5.30, అదే మనిషితో మళ్లీ ఫోను, ఈసారి బాల్కనీలో. 6.00 నుంచి 6.40 దాకా గది తలుపు వేసుకుని మొత్తం సెట్, నిలబడి. రాత్రి 10.15కి షో అయిపోయిందని మెసేజ్. 12.50కి తను ఫోను చేస్తే ఇంకా బందరు రోడ్డులో టిఫిన్ బండి దగ్గరే, తోటి కమెడియన్లతో, వెనక లారీల హారన్లు. రోజంతా గొంతు సవరించుకున్న శబ్దం: లెక్క తప్పిపోయింది.

చివరి గీత కింద ఆమె ఇంకో పద్దు రాసింది. ఇంట్లో నాతో, పాపతో: “ఊఁ”, “పడుకున్నావా”, “చార్జర్ ఎక్కడ”.

ఆ పేజీతో చికిత్స దారి మారింది. టిఫిన్ బండి దగ్గర రెండున్నర గంటలు, లారీల మధ్య, ఆరుగురు కమెడియన్లు ఒకరి మాట మీద ఒకరు మాట్లాడటం అంటే, అది స్టేజీ మీది ఇరవై నిమిషాలకు అనేక రెట్లు. చుట్టూ చప్పుడు పెరిగితే మన ప్రమేయం లేకుండానే గొంతు పెంచేస్తాం. ఫ్రెంచి వైద్యుడు ఎటియెన్ లొంబార్డ్ 1911లోనే ఈ సంగతి రాశాడు, అందుకే దీన్ని లొంబార్డ్ ప్రభావం అంటారు. క్లాసులో ఫ్యాను, బండి మీద గాలి, మండపంలో డీజే, రోడ్డు పక్కన హారను. ఇతని రోజులో అది లేని గంట లేదు. అయితే కమెడియన్లకు ఆ బండి దగ్గర కూర్చోవడం కాలక్షేపం కాదని కూడా ఒప్పుకోవాలి. షో అయ్యాక ఒంట్లో ఎక్కిన వేడి దిగడానికి రెండు మూడు గంటలు పడుతుంది. పేలని జోకు ఎందుకు పేలలేదో తేలేది అక్కడే, వచ్చే నెల స్పాట్ దొరికేదీ అక్కడే. వెళ్లొద్దంటే నా మాట వినడం మానేసేవాడు. వెళ్లి, కారులో అద్దాలెత్తి కూర్చుని మాట్లాడుకోండన్నాను. కారున్న స్నేహితుడొకడు దొరికాడు.

డబ్బుల ఫోన్లు మెసేజులుగా మారాయి. అలా అడిగితే డబ్బులు త్వరగా వచ్చాయా అంటే, రాలేదు. గొంతు మాత్రం మిగిలింది.

నవ్వు వచ్చినప్పుడు నోరు మూసుకోవడం

కమెడియన్లు తమ ప్రతి సెట్‌నూ ఫోనులో రికార్డు చేసుకుంటారు. పాతవి తెప్పించుకుని విన్నాను. జోకుల కోసం వినలేదు, కొన్నిచోట్ల నవ్వానని మాత్రం ఒప్పుకుంటాను. నేను వెతికింది అతను ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడన్నది. దాదాపు ఎక్కడా తీసుకోవడం లేదు. జోకు పేలుతుంది, జనం నవ్వుతారు, ఆ నవ్వు ఇంకా పైకి లేస్తుండగానే తర్వాతి వాక్యం మొదలుపెడతాడు. ఆ నవ్వును దాటి వినిపించాలి కాబట్టి గొంతు పెంచుతాడు. అంటే సెట్ ఎంత బాగా నడిస్తే గొంతు అంత నలుగుతుంది. చప్పగా పోయిన రోజు రికార్డింగుల్లో గొంతు హాయిగా ఉంది.

“నవ్వు ఆగేదాకా ఆగితే జనం ఫోన్లు తీస్తారు మేడం” అన్నాడు.

మన దగ్గర పాత కళల్లో ఈ ఏర్పాటు ముందే ఉంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన, 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ బుర్రకథను ఊరూరా వినిపించాడు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకడిది హాస్యం, ఒకడిది రాజకీయం. వాళ్లు ‘తందాన తాన’ అందుకున్నప్పుడల్లా కథకుడికి ఊపిరి దొరుకుతుంది, అందుకే కథ గంటల తరబడి సాగుతుంది. స్టాండప్ కమెడియన్ ఒంటరి. అతనికి వంత పాడగలిగింది జనం నవ్వే, దాన్ని ఇతను పాడనివ్వడం లేదు.

నా గదిలో సాధన ఇలా సాగింది. అతని రికార్డింగులోని నవ్వునే స్పీకరులో పెట్టాను. అతను పంచ్ చెప్పాలి, నవ్వు మొదలవగానే నోరు మూసుకోవాలి, ముక్కుతో ఊపిరి తీసుకోవాలి, వీలైతే ఒక గుక్క నీళ్లు మింగాలి, నవ్వు మూడొంతుల్లో రెండొంతులు దిగాక మొదలుపెట్టాలి. మొదట్లో అతని పెదవులు ఆగేవి, భుజాలు ఆగేవి కావు. మాట కోసం ఎగబడుతూ మెడ నరాలు బిగిసేవి. నా బొటనవేలు అతని స్వరపేటిక పక్కన పెట్టి, ఆ బిగువు అతనికి తెలిసేదాకా చేయించాను. తర్వాత చేతికి పని కల్పించాం: నవ్వు రాగానే మైకు కిందికి దించడం. మైకు దిగితే మాట దానంతట అదే ఆగుతుంది.

కొన్ని వారాల తర్వాత వచ్చి, ఆగినచోట నవ్వు రెండోసారి లేస్తోందని చెప్పాడు. అది నా విద్య కాదు, అతని విద్య. నాకు కావలసింది ఆ మూడు నాలుగు సెకన్ల విశ్రాంతి.

మైకు విషయం త్వరగా తేలింది. మైకును ఛాతీ దగ్గర పట్టుకునేవాడు, నోటికి జానెడు దూరం. దూరం సగానికి తగ్గిస్తే దాదాపు 6 డెసిబెళ్ల శబ్దం ఉచితంగా వస్తుంది, గొంతు పెంచనక్కర్లేదు. రెండు వేళ్ల దూరంలో పట్టుకోమన్నాను, జాలీ మీద చెయ్యి మూయవద్దన్నాను. ఫిజిక్స్ లెక్చరర్‌కు ఈ లెక్క నేను చెప్పాల్సి రావడం ఇద్దరికీ నవ్వు తెప్పించింది.

ఆడగొంతు

ఇక స్నానాల గదిలోని ఆడగొంతు. అతని సెట్‌లో ఏడెనిమిది నిమిషాలు ‘మా ఆవిడ’ మీద నడుస్తుంది. ఆ పాత్రకు గొంతు బిగించి, కీచుగా, చాలా పై స్థాయిలో పలుకుతాడు. పొలిప్ ఉన్న తంత్రులకు అంతకన్నా చెడ్డ పని లేదు. సంగీత్‌ల తర్వాత గొంతుకు ఎక్కువ హాని చేస్తున్నది ఇదేనని చెప్పాను.

ఆ రోజు భార్య కూడా పక్కనే ఉంది. “నా గొంతు అలా ఉండదు మేడం” అంది. నిజంగానే ఉండదు, ఆమెది మంద్రమైన గొంతు. “స్టేజీ మీద నేను మాట్లాడేంత ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. మా బ్యాంకులో కొత్తగా చేరినమ్మాయి ఆ వీడియో చూసి, మీరేనా అక్కా అని అడిగింది.” అతను గోడ మీది స్వరపేటిక పటం చూస్తూ కూర్చున్నాడు. నేను ఫ్యామిలీ కౌన్సెలర్‌ను కాను. ఏ జోకు చెప్పాలో, ఇంట్లో మనిషి అనుమతి తీసుకోవాలో వద్దో వాళ్లిద్దరూ తేల్చుకోవాల్సిన విషయం. నేను ఆ గొంతును మాత్రమే నిషేధించాను. ఆమె మాటలు చెప్పాల్సి వస్తే తన సొంత స్థాయిలో, నెమ్మదిగా, ఆమె నిజంగా ఎలా అంటుందో అలా అనమన్నాను.

కీచు గొంతు పోయాక ఆ జోకుల్లో సగం నిలబడలేదు. ఆ గొంతు లేకపోతే అందులో జోకే లేదని అతనే గమనించాడు. మిగిలినవి మాత్రం బతికాయి. విజయవాడలో నవ్వు కొంచెం తగ్గిందని, హైదరాబాద్‌లో తేడా రాలేదని చెప్పాడు.

మిగతా చికిత్స

గ్లాసు నీళ్లలో స్ట్రా రెండు మూడు సెంటీమీటర్లు ముంచి, ‘ఊ’ అంటూ బుడగలు తెప్పించే వ్యాయామం రోజుకు చాలాసార్లు, ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు. స్ట్రాలో పుట్టే ఎదురు ఒత్తిడి వల్ల తంత్రులు గట్టిగా ఢీకొనకుండా కదులుతాయి. అమెరికన్ శాస్త్రవేత్త ఇంగో టిట్జె దీని వెనకున్న భౌతికశాస్త్రాన్ని వివరంగా చెప్పాడు కాబట్టి మా లెక్చరర్‌కు బాగా నచ్చింది. ఆస్పిరిన్ మానమని సర్జన్ చెప్పారు, అది రక్తాన్ని పలచబరుస్తుంది. గుండె కోసం డాక్టరు రాసిచ్చినవాళ్లు ఇది చదివి సొంతంగా మానకూడదు. మెంథాల్ బిళ్లలూ ఆపించాను. పటికబెల్లం, మిరియాలు తింటే తిననిచ్చాను: మింగినది అన్నవాహికలోకి పోతుంది, స్వరతంత్రులను తాకదు, కాబట్టి మేలూ లేదు, కీడూ లేదు. గుసగుసలు మాత్రం వద్దన్నాను. గొంతుకు విశ్రాంతి అనుకుని చాలామంది బిగబట్టి గుసగుసలాడతారు, అదీ శ్రమే.

అర్ధరాత్రి బిర్యానీ తిని, వెంటనే స్లీపర్ బస్సులో వెల్లకిలా పడుకోవడం వల్ల పొద్దున పుల్లటి తేన్పులు, గొంతులో గరగర. నిద్రకూ తిండికీ మూడు గంటల ఎడం ఉండాలని పుస్తకం చెబుతుంది. షోలున్న రోజు అది కుదరదు. షోకు ముందే కడుపునిండా తిని, తర్వాత మజ్జిగన్నంతో సరిపెట్టుకోవడం, స్లీపర్ బదులు వెనక్కి వాలే సీటు తీసుకోవడం కుదిరింది.

మార్చిలో పబ్లిక్ పరీక్షలు కలిసివచ్చాయి. ఇన్విజిలేషన్ అంటే మూడు గంటలు నోరు విప్పని ఉద్యోగం. మందుచీటీ మీద రాసే అధికారం ఉంటే రోజూ రాసేదాన్ని. అసలు గండం ఏప్రిల్‌లో ఎంట్రన్స్ క్రాష్ కోర్సు. అప్పటికి నడుముకు కట్టుకునే చిన్న స్పీకరు, చెవికి తగిలించుకునే మైకు కొనిపించాను. అమెరికాలో నెల్సన్ రాయ్ బృందం 2002లో ప్రచురించిన పరిశోధనలో, గొంతు దెబ్బతిన్న టీచర్లలో కొందరికి ఇలాంటి మైకులిచ్చారు, కొందరికి గొంతు జాగ్రత్తలు మాత్రమే నేర్పారు. వాయిస్ హ్యాండిక్యాప్ మార్కులు చెప్పుకోదగ్గంతగా తగ్గింది మైకు వాడినవాళ్లకే. నీళ్లు తాగండి, అరవకండి అని చెప్పి పంపే నాలాంటివాళ్లు గుర్తుంచుకోవాల్సిన ఫలితం అది. స్టాఫ్ రూములో అతన్ని కొన్నాళ్లు బస్ కండక్టర్ అని పిలిచారట. తర్వాత కెమిస్ట్రీ లెక్చరర్ కూడా ఒకటి కొనుక్కున్నాడు.

ఎంతవరకు వచ్చింది

మే నెలలో మళ్లీ స్ట్రోబోస్కోపీ చేశారు. ఎరుపు పోయింది. ఎదురు తంత్రి మీది వాపు తీసింది. పొలిప్ సగానికన్నా చిన్నదైంది కానీ పోలేదు. ‘ఆ’ 17 సెకన్లకు పెరిగింది. పది ప్రశ్నల పట్టికలో 26 కాస్తా 9 అయింది. మామూలు మాటలో బొంగురు నాకు వినిపిస్తుంది, బయటివాళ్లకు వినిపించదు. మెల్లగా, పై స్థాయిలో పలకమంటే ఇప్పటికీ గొంతు చీలుతుంది.

మిగిలిన బొడిపెను మైక్రోలారింజోస్కోపీతో, అంటే నోటి గుండా మైక్రోస్కోపుతో చూస్తూ చేసే ఆపరేషన్‌తో, తీసేయవచ్చని సర్జన్ చెప్పారు. ఆపరేషన్ తర్వాత వారం రోజుల దాకా మౌనం, ఆపైన నెమ్మదిగా గొంతు వాడకం. అతను ఇప్పుడు వద్దన్నాడు. పాటగాడైతే చేయించుకోమని గట్టిగా చెప్పేదాన్ని. పాఠానికీ హాస్యానికీ ఈ గొంతు సరిపోతుంది కాబట్టి నాకూ తొందర కనిపించలేదు. పాత అలవాట్లు తిరిగివస్తే ఆపరేషన్ చేసిన చోటే ఇంకోటి వస్తుంది, ఆ భయం నాకు ఎక్కువ.

నష్టం లేదని చెప్పను. వేసవి ముహూర్తాల్లో సంగీత్‌లు వదులుకున్నాడు. ఇంటికి అది చిన్న మొత్తం కాదు, పాప స్కూలు ఫీజు ఆ డబ్బుతోనే కట్టేవారు. హైదరాబాద్ ప్రయాణాలు నెలకు రెండుకు తగ్గించాడు. భార్య పద్దు పుస్తకం జూన్ దాకా సాగింది. తర్వాత రాయడానికి తీరిక లేదని ఆపేసింది. చివరి పేజీల్లో ఇంట్లో మాటల పద్దు రెండు మూడు వరసలకు పెరిగింది, అందులో ఒకటి పాపకు చెప్పిన కథ.

వచ్చే మాఘానికి ముందే ఇంకోసారి పరీక్ష చేయించుకోమన్నాను. సరేనని, అప్పటికే ఒక సంగీత్‌కు అడ్వాన్సు తీసుకున్నానని చెప్పాడు. ఒప్పందంలో కొత్త షరతు పెట్టాడట: అతను మైకు తీసుకున్నప్పుడు డీజే ఆపాలి. పెళ్లివారు సంతకం పెట్టారు. డీజేతో ఇంకా మాట్లాడలేదు.